ధర పెరిగిందంట

రాజోలిలో ఏటివైపు దిగే ఒక వీధిలో పొద్దున్నే వినిపించే మాట ఒకటుంది: "ధర పెరిగిందంట." అరుగు మీద వేపపుల్ల నములుతూ కూర్చున్న రైతు అంటే ఆ మాట కాస్త సాగుతుంది, తోకకు నవ్వులాంటిదేదో అంటుకుని ఉంటుంది. గోడకవతల మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నావిడ అదే మాట అంటే మధ్యలోనే బరువెక్కి దిగిపోతుంది. నాడె చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది. మాట ఒకటే, అక్షరం తేడా లేదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క మట్టిగోడ. దాని మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ పోతూనే ఉంటాయి, "వదినా, కొంచెం మజ్జిగుంటే పొయ్యి" అన్న కేకలూ పోతుంటాయి. ధర ఒక్కటే ఆ గోడ దాటేటప్పుడు గొంతు మార్చుకుంటుంది.

ఆ రెండు గొంతులూ విన్న మనిషి, అంటే ఈ వ్యాసకర్తే, వాటిని చాన్నాళ్లు పట్టించుకోలేదు. తర్వాతెప్పుడో హైదరాబాదులో ఆహార విధానం మీద జరిగిన ఒక వర్క్‌షాపులో వెనక వరసలో కూర్చున్నప్పుడు అవి చెవిలో మోగడం మొదలైంది. తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి ఎక్కుతోంది. దాని కింద ధాన్యం ధర అని రాసి ఉంది. వక్త లేజరు చుక్కను ఆ గీత మీద నడిపిస్తూ ఇది మంచి పరిణామం అన్నాడు. మరో అరగంటకు ఇంకో వక్త, దాదాపు అదే గీతను చూపించి, ఇది ఆందోళనకరం అన్నాడు. ఇద్దరికీ చప్పట్లు పడ్డాయి. మధ్యలో టీ, బిస్కట్లు. ఎవరూ ఎవరినీ నిలదీయలేదు, ఎందుకంటే ఇద్దరూ చెప్పింది నిజమే. రాజోలి వీధిలో ఇద్దరూ అన్నది నిజమైనట్టే.

వర్క్‌షాపు అన్న మాట దగ్గరే కొంత తిరకాసు ఉంది. గద్వాల పోయే దారిలో ఎవరినైనా వర్క్‌షాపు ఎక్కడని అడిగితే ట్రాక్టర్లు, నాగళ్లు బాగుచేసే రేకుల షెడ్డు చూపిస్తారు. అక్కడ పద్ధతి సులువు. చెడిపోయింది ఏదో దాన్నే తోలుకుపోతారు, మేస్త్రీ దాన్ని తట్టి, విప్పి, చేతులు నల్లగా చేసుకుని చూస్తాడు. నగరంలో ఏసీ హాల్లో జరిగే వర్క్‌షాపుకు చెడిపోయినదాన్ని తోలుకురావడం కుదరదు. అది ఊళ్లోనే ఉంటుంది, హాల్లోకి దాని కొలతలు వస్తాయి. గోడకంటించిన గోధుమరంగు కాగితాల మీద స్కెచ్ పెన్నులతో గడులు గీసి, 'సమస్య', 'కారణం', 'సూచన' అని నింపుతారు. ఈ మాట వెటకారంగా వినిపిస్తే దోషం వ్యాసకర్తది. కొలతలు లేకుండా ఒక రాష్ట్రానికి సరిపడా బియ్యం ఎలా సేకరిస్తారు, ఎలా పంచుతారు? మేస్త్రీలాగా ప్రతి ఇంటినీ విప్పి చూడటం ఎవరివల్ల అవుతుంది? అయినా అనుమానం పోదు. ఆ గడుల్లో గొంతు రాసుకునే గడి ఎక్కడుంది?

ఈ హాళ్లకు మంచి వంశమే ఉంది. లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అనే ఆంగ్లేయుడు అమెరికాలో వ్యవసాయం చదువుకుని, 1922లో రవీంద్రనాథ్ టాగూర్ శ్రీనికేతన్‌లో గ్రామ పునర్నిర్మాణం మొదలుపెడుతుంటే దానికి చేయూతగా వచ్చాడు. తర్వాత స్వదేశం పోయి, డార్టింగ్టన్ హాల్లో 1929లో వ్యవసాయ ఆర్థికవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశం పెట్టించాడు. బెంగాల్ పల్లెలో బురద తొక్కిన కాళ్లే ఆ హాలు గడప తొక్కాయన్నమాట. ఆ సమావేశాల పరంపర 1958లో మైసూరుకు వచ్చింది. మళ్లీ మనదేశం రావడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది, ఈసారి ఢిల్లీకి. ఈ మధ్యకాలంలో ఆ శాస్త్రం ఎంత ఎదిగిందో చెప్పడానికి ఒక పుస్తకం చాలదు. కానీ గోడకు ఇటూ అటూ వినిపించే రెండు గొంతులకు ఒక పేరు పెట్టే దాకా అయితే వచ్చింది. 1983లో పీటర్ టిమ్మర్, వాల్టర్ ఫాల్కన్, స్కాట్ పియర్సన్ కలిసి ఆహార విధాన విశ్లేషణ మీద రాసిన పుస్తకంలో ఆహార ధర తెచ్చే సందిగ్ధాన్ని నడిబొడ్డున నిలబెట్టారు. ధర తక్కువైతే పండించేవాడు పండించడం మానుకుంటాడు, ఎక్కువైతే కొనుక్కునేవాడు తినడం తగ్గించుకుంటాడు. రెండు పనులూ ఒకే అంకె చేస్తుంది. చిత్రమేమిటంటే అదే 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. అంటే పుస్తకం అచ్చవుతున్న ఏడాదిలోనే ఇక్కడ చౌకదుకాణం తక్కెడలో ఆ ముడి విప్పే ప్రయత్నం జరిగిపోతోంది. అంతకు 18 ఏళ్ల ముందే, 1965లో, ఒకే ఏడాది వ్యవసాయ ధరల కమిషనూ భారత ఆహార సంస్థా పుట్టాయి. రైతు దగ్గర ఒక ధరకు కొనడం, తినేవాడికి ఇంకో ధరకు అమ్మడం, నడుమ తేడా ఖజానా భరించడం. గోడను ఆ రెండు ధరల మధ్యకు జరిపి నిలబెట్టారని అనుకోవచ్చు.

రాజోలి ఈ చదువుకు బాగా పనికొచ్చే ఊరు. పరిశోధకులు ఎంచుకోవాల్సిన ఊరు. తుంగభద్ర పక్కనే పారుతుంది, సుంకేసుల ఆనకట్ట దాటితే కర్నూలు జిల్లా. ఎగువన రాయచూరు జిల్లాలో ఉన్న రాజోలిబండ ఆనకట్ట నుంచి వచ్చే ఆర్డీఎస్ కాలువకు కాగితం మీద 15.9 టీఎంసీల వాటా, 87,500 ఎకరాల ఆయకట్టు ఉన్నాయి. చివరి భూములకు నీళ్లందక ఎండిన పైర్ల కథలూ అంతే పాతవి. ఆ పొలాల రైతుల పక్కనే మగ్గాలవాళ్లు. గద్వాల చీర అంటే గద్వాలలోనే నేస్తారని బయటివాళ్లు అనుకుంటారు. ఆ పేరు మీద అమ్ముడయ్యే చీరల్లో రాజోలి మగ్గాల మీద దిగినవి చాలానే ఉంటాయి. పట్టు, జరీ ఇచ్చేవాడు సావుకారు, నేసేది వీళ్లు, చేతికొచ్చేది చీరకింత అని కూలి. ఆ కూలి ఏడాదికో రెండేళ్లకో కదిలితే గొప్ప. బియ్యం ధర మాత్రం వారానికోసారి కదులుతుంది. మగ్గమ్మీద కూర్చున్నావిడ గొంతు దిగిపోవడానికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. ఆమె ఇంట్లో పండే గింజ ఒక్కటీ ఉండదు. తినే ప్రతి గింజా కొన్నదో రేషన్‌లో తెచ్చుకున్నదో.

గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ పేక పేకకూ ముడేసి కలిపే పనిని కుట్టు అంటారు. వ్యాసకర్త చేతికి ఇక్కడ ఒక ఉపమానం సిద్ధంగా అందింది: రైతు నూలు, నేతగాడు పట్టు, ధర కుట్టు అని. రాసి కొట్టేశాడు. కుట్టు వేసేవాళ్ల చేతివేళ్లు చూస్తే ఉపమానాలు చెప్పాలనిపించదు.

పాలమూరు పల్లెల్ని దగ్గరగా చూసినవాళ్లు లేకపోలేదు. 1972లో పటాన్‌చెరులో మొదలైన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1975లో మెట్టప్రాంతపు పల్లెలను ఎంచుకుని ఇంటింటి అధ్యయనాలు మొదలుపెట్టింది. ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లాలో రెండు ఊళ్లు, ఔరేపల్లి, డోకూరు. మిగతావి మహారాష్ట్రలో. ఊరికి 40 ఇళ్లు. 30 రైతులవి, పది భూమి లేని కూలీలవి. పరిశోధకులు హాల్లో కూర్చోలేదు, వ్యవసాయ అర్థశాస్త్రం చదువుకున్న యువకులను ఆ ఊళ్లలోనే కాపురం పెట్టించారు. మూడు నాలుగు వారాలకోసారి అదే ఇంటికి పోవడం, ఏం విత్తారు, ఎవరికి అప్పిచ్చారు, ఎడ్లను ఎవరికి బదులిచ్చారు, ఎంత ఖర్చయింది అని అడగడం. ఇలా పదేళ్లు నడిపారు. జేమ్స్ ర్యాన్, ఎన్.ఎస్. జోధా, హాన్స్ బిన్స్‌వాంగర్, థామస్ వాకర్ లాంటివాళ్లు ఆ లెక్కల మీద పనిచేశారు. ఒకే మనిషి ఒకే గడప తొక్కుతూ పోతే ఆ గడపలోవాళ్లు మూడోసారికో నాలుగోసారికో నిజం చెప్పడం మొదలుపెడతారన్న ఇంగితం దాని వెనక ఉండి ఉండాలి. మన పల్లెల్లో పెళ్లిసంబంధాలు చూసేవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు.

ఆ ఊళ్లలో బిన్స్‌వాంగర్ ఆడించిన ఆట ఒకటి వ్యాసకర్తకు తరచూ గుర్తొస్తుంది. రైతుల ముందు ఒక నాణెం పెట్టారు. బొమ్మా బొరుసా. ఖాయంగా 50 రూపాయలు కావాలా, లేక ఒకవైపు పడితే సున్నా, రెండోవైపు పడితే 200 వచ్చే పందెం కావాలా? నడుమ ఇంకా కొన్ని మెట్లు. మొదట అర్ధరూపాయితో, తర్వాత ఐదు రూపాయలతో, ఆ తర్వాత నిజంగానే 50తో ఆడించారు, గెలిస్తే డబ్బు చేతిలో పెట్టారు. ఆ రోజుల్లో ఆ పెద్ద పందెం నెల కూలికి దగ్గరగా ఉండే మొత్తం. పేదలు భయస్తులు, అందుకే కొత్త విత్తనం వేయరు అన్న మాట అప్పటికి బాగా చలామణిలో ఉంది. ఆటలో తేలింది వేరు. ఆస్తి ఉన్నవాడూ లేనివాడూ పందెం కాసిన తీరులో పెద్ద తేడా లేదు. సాహసం అందరికీ ఇంచుమించు ఒకటే, అప్పు పుట్టే దారి మాత్రం అందరికీ ఒకటి కాదు. ఇంత పెద్ద మాటను ఒక నాణెంతో చెప్పించినందుకు ఆ ఆటను మెచ్చుకోకుండా ఉండలేం. తర్వాత ఆ ఊళ్ల లెక్కలు ప్రపంచమంతా తిరిగాయి. షికాగోలో రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో రాసిన వ్యాసంలో ఔరేపల్లి అంకెలున్నాయి. ఒక ఇంటి పంట పోయినా ఆ ఇంటి తిండి ఊరి సగటుతో పాటే నడుస్తోందని, అంటే ఊరు ఏదోరకంగా ఆదుకుంటోందని, అయితే ఒక ఊళ్లో భూమి లేనివాళ్లకు ఆ ఆదరువు పలచనని చూపించాడు. మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో ఇంకో సంగతి పట్టుకున్నారు. ఇక్కడివాళ్లు ఆడపిల్లల్ని దూరపు ఊళ్లకు ఇవ్వడం వెనక వానల లెక్క కూడా ఉందట. ఇక్కడ వాన తప్పినా వియ్యంకుడి ఊళ్లో పడి ఉండొచ్చు కదా. అవ్వలు ఎరిగిన సంగతే, సమీకరణంగా మారి అమెరికా పత్రికల్లో అచ్చయింది.

గోడ మీదుగా మజ్జిగ గిన్నె పోవడం అంటే టౌన్‌సెండ్ లెక్కల్లో ఏ గడిలో పడుతుందో! 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి రాజోలిని ముంచినప్పుడు రైతు ఇల్లూ మగ్గం ఇల్లూ ఒకే నీళ్లలో మునిగాయి. కొన్నాళ్ల పాటు ఆ వీధిలో ధర అన్న మాటకు అర్థం లేకుండా పోయింది.

ఇక ఇంటింటికీ పోయి అడగడమైనా అంత తేలికైన పనేం కాదు. 1972లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో మొదలైన పోషకాహార పర్యవేక్షణ బృందాలు ఇళ్లకు పోయి, కొలతలు నిర్ణయించిన గిన్నెలు, గరిటెలు ముందు పెట్టి, నిన్న ఎవరు ఎంత తిన్నారని అడిగేవి. అడిగినప్పుడు ఇల్లాలు అందరి లెక్కా చెప్పి తన దగ్గరికొచ్చేసరికి తడుముకుంటుంది. ఏం మిగిలితే అది అని ఎన్ని గరిటెలుగా రాయాలి? 1999-2000లో జాతీయ నమూనా సర్వేలో తిండి ఖర్చును ఏడు రోజులకూ 30 రోజులకూ రెండు రకాలుగా అడిగారు. అదే ఇంట్లో రెండు ప్రశ్నలూ ఒకదాన్నొకటి ప్రభావితం చేశాయా, దేశంలో పేదరికం నిజంగా తగ్గిందా లేక ప్రశ్న మారి అంకె మారిందా అని ఏళ్ల తరబడి పండితులు తగువులాడుకున్నారు. దేశం మొత్తం పేదరికం ఒక ఇల్లాలి జ్ఞాపకశక్తి మీద ఊగడం తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది.

ఇంతవరకూ రైతు గొంతులో నవ్వు, నేతావిడ గొంతులో దిగులు అని రాసుకుంటూ వచ్చిన వ్యాసకర్తకు, మళ్లీ రాజోలి పోయినప్పుడు, తన లెక్కే తప్పిందేమోనని అనుమానమొచ్చింది. ఆ అరుగు మీది రైతు అసలు ఏం పండిస్తున్నాడు? వడ్లు కాదు. సీడు పత్తి. ఈ నడిగడ్డ ప్రాంతం అంతటా ఇదే మాట. కంపెనీ ఇచ్చిన ఆడ, మగ విత్తనాలు వేరువేరు సాళ్లలో వేసి, సాయంత్రం పూట మొగ్గలు విప్పి కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడి అద్దుతారు. దాన్నే క్రాసింగు అంటారు. పువ్వు పువ్వునూ చేతితో తాకాలి. ఈ పనికి చిన్న పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, వాడుకోవడం మీద 2000ల మొదట్లో దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాలు దేశం బయట కూడా గగ్గోలు పుట్టించాయి. రైతుకూ కంపెనీకీ నడుమ ఆర్గనైజరు ఉంటాడు. పెట్టుబడి అతనిది, ధర చెప్పేదీ అతనే, విత్తనం పరీక్షలో ఫెయిలయిందని చెప్పేదీ అతనే. మార్కెట్ యార్డు లేదు, వేలం లేదు. ఇక ఈ రైతు ఇంట్లో సంగటికీ అన్నానికీ గింజలు ఎక్కడివి? కొన్నవే. గోడకవతలి ఇంట్లో లాగే. సన్నకారు రైతుల్లో చాలామంది ఏడాది మొత్తమ్మీద తిండిగింజలు అమ్మేదానికంటే కొనేదే ఎక్కువని పలు దేశాల అధ్యయనాలు చెప్పినప్పుడు వ్యాసకర్త తల ఊపాడు గానీ, అది అరుగు మీద కూర్చుని వేపపుల్ల నమిలే మనిషి సంగతని తట్టలేదు. మరి ఆ నవ్వు దేనికి?

ఈలోగా గింజకు మూడో కొనుగోలుదారు వచ్చాడు. పండించేవాడూ తినేవాడూ కాదు, మోటారు బండి. 2018 జీవ ఇంధన విధానం తర్వాత పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపారు. చెరకుతో సరిపోదు కాబట్టి నూకలు, మొక్కజొన్న బట్టీలకు పోయాయి. 2023 జూలైలో ఆహార సంస్థ బియ్యాన్ని బట్టీలకు అమ్మడం ఆపేశారు, తర్వాత మళ్లీ తెరిచారు. మొక్కజొన్న అటు మళ్లడంతో దాణా ఖరీదైపోయిందని కోళ్ల ఫారాలవాళ్లు మొరపెట్టుకున్నారు. ఇవన్నీ వర్క్‌షాపుల్లో గీతలుగా వచ్చే సంగతులు. కానీ రాజోలి మండలంలోనే పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ కట్టబోతే చుట్టుపక్కల ఊళ్లు తిరగబడ్డాయి. 2025 జూన్‌లో ఆందోళన ముదిరి కేసులయ్యాయి. అరెస్టయిన రైతులను అలంపూర్ కోర్టుకు బేడీలు వేసి తీసుకొచ్చిన ఫొటోలు రాష్ట్రమంతా చూసింది. అక్కడివాళ్లు మాట్లాడింది గింజ ధర గురించి కాదు. గాలి, నీళ్లు, పక్కనున్న పొలం. ఆహారమా ఇంధనమా అన్న చర్చ పుస్తకాల్లో గింజ చుట్టూ తిరుగుతుంది, ఊళ్లో అది బోరుబావి చుట్టూ తిరిగింది. వ్యాసకర్త తన నోటుపుస్తకంలో గీసుకున్న గడులు మరోసారి సరిపోలేదు.

ఇప్పుడు రేషన్ దుకాణంలో సన్నబియ్యం ఇస్తున్నారు. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన పథకం, మనిషికి నెలకు ఆరు కిలోలు, ఉచితం. ఇటు సన్నాలు పండించిన రైతుకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్. అంటే 1965 నాటి ఉపాయమే, కొంచెం సన్నగా మిల్లు పట్టి. ఉపాయం పాతదని తీసిపారేయడానికి వ్యాసకర్తకు మనసొప్పలేదు. దొడ్డుబియ్యం తెచ్చుకుని ఎంతకో కొంతకు అమ్ముకుని మళ్లీ సన్నబియ్యం కొనుక్కునే వంకరదారి చాలా ఇళ్లలో ఉండేది. ఇప్పుడు ఆ బియ్యం నేరుగా పొయ్యి మీదికే పోతోంది. దుకాణం ముందు వరసలో నేతావిడ ఉంది, ఆమె వెనక ఇద్దరి తర్వాత అరుగు మీది రైతు భార్య ఉంది. ఇద్దరి చేతుల్లోనూ ఒకే రకం ప్లాస్టిక్ సంచి. పత్తి రైతు ఇంటికి సన్నాల బోనస్ రాదు, సన్నబియ్యం మాత్రం వస్తుంది. అలాంటప్పుడు ఈ ఇంటిని అమ్మే ఇంటి గడిలో రాయాలా, కొనే ఇంటి గడిలోనా? సర్వేకు వచ్చిన కుర్రవాడు ఏం రాస్తాడు? ఇంటాయన్ని అడిగితే ఒకటి, ఇంటావిడను అడిగితే ఇంకొకటి వస్తుందేమో. సర్వేలు ఎక్కువగా అడిగేది ఇంటి యజమానినే.

వ్యాసకర్త తిరిగి పోయే రోజు పొద్దున ఆ వీధిలో కాసేపు నిలబడ్డాడు. ఏటివైపు నుంచి చల్లగాలి. గోడకవతల నాడె నడుస్తోంది. అరుగు మీది రైతు ఫోన్ చెవి దగ్గర నుంచి దించి, ఆ పాత మాటే, అదే సాగదీతతో, "ధర పెరిగిందంట" అన్నాడు.

లోపలి నుంచి గిన్నెల చప్పుడు ఆగింది.

"దేంది?" అంది భార్య. "పత్తిదా, పప్పుదా?"